మడమకీ సంచికీ మధ్య

వెల్డింగ్ షాపు, వెనక వరండా
సోమవారం

సైకిల్ సంచులు రెండే పంపావు. నాలుగు కుట్టాలి, నీకు రెండు, నాకు రెండు. రెండే కుట్టి, వాటి మధ్యలో ఒక చీటీ దూర్చి, "నువ్వు వెళ్ళిరా, నాకు వీలయ్యేలా లేదు, సీజను" అని ముక్కున గుద్దినట్టు ఒక్క వాక్యం రాసి, పార్సిల్ మూతికి డబుల్ కుట్టు వేసి మరీ పంపావు. ప్రియమైన అక్కా అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. అందుకే మొదలుపెట్టలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేయను. ఫోన్లో నువ్వు నవ్వుతావు, నేను కోపం ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. నువ్వు చేసినా ఎత్తను. రాయి.

మనం అనుకున్నదేంటి? వానలు వెనకపట్టాక, మా షాపు మూసే రోజులూ మీ టార్పాలిన్ షెడ్డు సెలవులూ కలిసొచ్చేలా చూసుకుని, చెరో సైకిల్ మీద సామాను కట్టుకుని కనుమ దాటి అవతల సముద్రం దాకా వెళ్దామని. ఈ మాట ముందు అన్నది నువ్వు. నీ ఇంట్లో, నీ మొగుడి ముందు అన్నావు. "అక్కాచెల్లెళ్ళిద్దరికీ పిచ్చి పట్టింది" అన్నాడు బావ. "పట్టనీ" అన్నావు నువ్వు. ఆ "పట్టనీ" నమ్ముకుని నేను రెండు పాత కొండ సైకిళ్ళు తెచ్చాను. రాళ్ళ మీద గెంతడానికి పుట్టిన సైకిళ్ళవి. సంసారం మోయడానికి పుట్టినవి కావు. వాటిని మోసేలా చేయడానికి నేనేం చేశానో మర్చిపోయినట్టున్నావు, మళ్ళీ చెప్తున్నా.

ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగుల ఫోర్కు పీకేశాను. గెంతేవాళ్ళకి స్ప్రింగు కావాలి. బరువు పెడితే అది కుంగి కూర్చుంటుంది. దాని చోట మామూలు ఇనప ఫోర్కు వేశాను. ముళ్ళ టైర్లు తీసి సాపు టైర్లు ఎక్కించాను. ఎక్కుడులో నీ కాళ్ళు ఏడవకుండా పెడల్ దగ్గర పళ్ళ చక్రం చిన్నది పెట్టాను. వెనక చక్రం మొత్తం విప్పి, సన్న పుల్లలు తీసేసి లావు పుల్లలతో మళ్ళీ అల్లాను. వంకరొచ్చింది, విప్పాను. మళ్ళీ వంకరొచ్చింది, మళ్ళీ విప్పాను. నాకెవరూ నేర్పలేదు. చెడగొట్టి నేర్చుకున్నా.

ఇక నీ క్యారియర్. గెంతే సైకిల్‌కి వెనక చక్రం పెడల్‌కి మరీ దగ్గరగా ఉంటుంది. మామూలు క్యారియర్ బిగించి సంచి తగిలిస్తే తొక్కిన ప్రతిసారీ మడమ వెళ్ళి సంచిని తంతుంది. అందుకే నీ పాదం గీసి పంపమన్నాను, పంపావు, ఆ పాదానికి తగ్గట్టు క్యారియర్ వెనక్కి జరిపి అతికించాను. లారీలో పంపే ముందు మా మేస్త్రి ఆ అతుకుల మీద వేలు పెట్టి రాసి చూసి "ఎవరు చేశారు?" అన్నాడు. నేనే అన్నా. "ఊఁ" అన్నాడు. మా మేస్త్రి నోటి నుంచి ఊఁ రాలడం ఎంత కష్టమో నీకు తెలీదు. మర్నాటి నుంచి సైకిల్ క్యారియర్ల పని వస్తే నాకే ఇస్తున్నాడు. కిటికీ చువ్వలు కోస్తూ ఇన్నేళ్ళు గడిపిన దాన్ని, ఇప్పుడు నా పేరు అడిగి వస్తున్నారు.

సీజను కథ నాకు చెప్పకు. వానలు వెనకపట్టాక మీ షెడ్డులో ఈగలు తోలుకుంటూ కూర్చుంటారని చెప్పింది నువ్వే. అసలు కారణం రాయి. శుక్రవారం పార్సిల్ బండికల్లా నా చేతిలో ఉండాలి.

---

టార్పాలిన్ షెడ్డు, కటింగ్ బల్ల దగ్గర
గురువారం

రవ్వా,

నీ ఉత్తరం చదువుతుంటే పక్క మిషన్ మీదావిడ నా మొహం చూసి "ఎవరు పోయారమ్మా?" అంది. "ఎవరూ పోలేదు, మా చెల్లికి కోపమొచ్చింది" అన్నా. "అయితే ఇంకా పోలేదన్నమాట" అని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. చూశావా, నీ ఖ్యాతి ఎంత దూరం పాకిందో.

అంత పొడుగు ఉత్తరంలో సంచులు బాగున్నాయని ఒక్క ముక్క లేదు. లారీల మీద కప్పే గుడ్డ అది. మిగిలిపోయిన కొసల్లోంచి తీశాననుకున్నావేమో, కొత్త చుట్ట విప్పించి కోశాను. మూతికి జిప్పు పెట్టలేదు, గమనించావా? నీళ్ళు దూరేది అక్కడే. మూతిని మూడు మడతలు చుట్టి పక్క కొక్కేలకి తగిలించడమే. కుట్టు పడిన చోటల్లా లోపల్నుంచి పట్టీ పెట్టి వేడితో అతికించాను. మూసి బాల్చీలో ముంచి, పైన మా రుబ్బురాయంత బరువు పెట్టి, టీ తాగొచ్చి తీశాను. లోపల పెట్టిన దినపత్రిక ఫెళఫెళలాడుతూ బయటికొచ్చింది. సంచి వీపున పలచటి చెక్క కూడా ఉంది, పుల్లల్లోకి గుడ్డ వంగకుండా.

కారణాలడిగావు. సీజను అయిపోయిన మాట నిజమే కానీ ఈసారి గోదాముల వాళ్ళ పని ఆలస్యంగా వచ్చింది. మోకాలు కూడా పట్టేస్తోంది, ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు. పైగా మీ బావని అన్ని రోజులు ఒంటరిగా వదిలితే వంటిల్లు ఏమవుతుందో నీకు తెలుసు. కిందటిసారి నేను లేనప్పుడు పాల గిన్నె మాడ్చి, నాకు కనపడకుండా దాన్ని పూలకుండీ కింద పళ్ళెంలా పెట్టాడు. మొక్క బాగానే పెరిగింది అనుకో.

సైకిల్ గురించి మాత్రం ఒక మాట ఒప్పుకోవాలి. గోనె విప్పగానే షెడ్డు షెడ్డంతా చుట్టూ మూగింది. గుడ్డ కోసే కత్తి పట్టుకునే పెద్దాయన గేరు మార్చి చూసి, మళ్ళీ మార్చి చూసి, ఊరికే అలా మారుస్తూ నిలబడిపోయాడు. ఇప్పుడు ఇంట్లో గోడకి ఆనించి ఉంది. మీ బావ దాని హ్యాండిల్ మీద తువ్వాలు ఆరేస్తున్నాడు. తిడుతున్నాను.

నువ్వు వెళ్ళిరా. నీకు జత దొరక్కపోదు. నీ తిట్లు తట్టుకునే మనిషిని చూసుకో, చాలు.

ఊరికే అడుగుతున్నా, నా క్యారియర్ అంత వెనక్కి పెట్టావేం?

అక్క

---

వెల్డింగ్ షాపు, కంప్రెసర్ పక్కన
సోమవారం

అక్కా,

సంచులు బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఇది రాయకపోతే వచ్చే ఉత్తరం నిండా అదే అడుగుతావు కాబట్టి ముందు పారేశాను. ఇక నీ సంగతి.

మోకాలన్నావు. బావకి ఫోన్ చేశాను. నీకు చేయనన్నానే కానీ ఆయనకి చేయననలేదు. "అక్క మోకాలు ఎలా ఉంది బావా?" అన్నా. "ఏ మోకాలు? నిన్న ప్రహరీ ఎక్కి పిల్లికూనని దింపింది" అన్నాడు. తర్వాత తనే "ఆ దెబ్బ తగిలాక మాత్రం కాస్త..." అన్నాడు. ఏ దెబ్బ బావా అన్నాను. "ఏం లేదమ్మా, పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేశాడు. పాపం, ఈసారి ఏ కుండీ కింద పెట్టాడో.

నీ ఉత్తరం చివర "ఊరికే అడుగుతున్నా" అని ఉంది. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఊరికే ఏదీ అడగలేదు. "ఊరికే అడుగుతున్నా, ఇనప్పెట్టె తాళం ఎక్కడుంది?" అన్న రోజున నా డిబ్బీ ఖాళీ అయింది. "ఊరికే అడుగుతున్నా, ఆ పొడుగాయన ఏం చేస్తుంటాడు?" అన్న ఏడాదికి బావ అయ్యాడు. కాబట్టి క్యారియర్ గురించి ఊరికే అడగలేదు. ఏదో ఉంది. నా పనిలో తప్పుంటే తప్పని రాయాలి. తప్పు లేకపోతే ఎందుకు రానంటున్నావో రాయాలి. మధ్యలో పిల్లిలా గోడ మీద కూర్చోకు.

ఒక మంచి సంగతి కూడా చెప్పేస్తా, కోపం తగ్గిందనుకోకు. నిన్న ఆదివారం నీ సంచులు నా సైకిల్‌కి తగిలించి, వాటి నిండా తుక్కు ఇనుము నింపి, నీళ్ళ ట్యాంకు మిట్ట ఎక్కాను. ఆ మిట్ట ఖాళీ సైకిల్ మీద కూడా దిగి తోసుకుంటూ పోయేవాళ్ళం కదా మనం. చిన్న పళ్ళ మీదకి గొలుసు పడేసి, నడిచేవాళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా, సీటు మీంచి లేవకుండా ఎక్కేశాను. ఒక ముసలాయన చేతికర్రతో నా పక్కనే నడుస్తూ "ఏం అమ్ముతున్నావమ్మా?" అన్నాడు. ఏం అమ్మడం లేదు తాతా, మోస్తున్నానంతే అన్నా. "ఎక్కడికి?" అన్నాడు. పైకి అన్నా. ఆయనకి అది సరిపోయింది. పైన ట్యాంకు నీడలో కూర్చుని నీళ్ళు తాగుతుంటే, ఇనుము మోసుకొచ్చిన గాడిదకి ఇంత హాయి ఎందుకో అర్థం కాలేదు. పక్కన నువ్వు లేవు, అదొక్కటే వెలితి. అంతకంటే రాయను.

ఏ దెబ్బ, ఎక్కడ, ఎలా. బుధవారం బండికి వేస్తే గురువారం నాకు అందుతుంది. అందాలి.

---

ఇల్లు, పెరటి మెట్టు మీద
మంగళవారం

రవ్వా,

మీ బావకి రహస్యం చెప్పడం, జల్లెడలో నీళ్ళు పోయడం ఒకటే అని తెలిసీ చెప్పాను. నాదే బుద్ధి తక్కువ.

సరే విను. నాలుగు సంచులూ కుట్టాను. నా జత నా దగ్గరే ఉంది. నీకు పంపే ముందు నా సైకిల్‌కి తగిలించి చూద్దామని షెడ్డు నుంచి రెండు మూటల ఇత్తడి కన్నాలు, అవే, టార్పాలిన్ అంచుకి తాడు దూర్చడానికి కొడతామే ఆ రింగులు, చెరో సంచిలో పోసి బయల్దేరాను. చదునులో బాగానే ఉంది. కొంచెం బరువుగా, గర్భిణిలాగా, గంభీరంగా నడిచింది. నాకు చాలా సంతోషమేసింది. షెడ్డు వెనక లారీలు దిగే వాలుంది కదా. దాని మీద వదిలాను.

సగం దిగేసరికి హ్యాండిల్ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. నేను ఊపడం లేదు, అదే ఊపుతోంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా గట్టిగా ఊపింది. ముందు చక్రం నేల మీద ఉందో లేదో చేతికి తెలియలేదు. వెనకనుంచి ఎవరో సీటు పట్టుకుని అటూ ఇటూ కుదుపుతున్నట్టుంది. బ్రేకు వేశాను. తర్వాత నేను ఇసక కుప్పలో ఉన్నాను, సైకిల్ నా మీద ఉంది, ఇత్తడి రింగులు వాలంతా దొర్లుకుంటూ పోతున్నాయి. మోచెయ్యి చెక్కుకుపోయింది, గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. కత్తి పెద్దాయన పరుగెత్తుకొచ్చి ముందు నన్ను లేపాడు, తర్వాత సైకిల్‌ని లేపాడు, ఆ క్రమంలోనే, అందుకు ఆయనకి రుణపడి ఉంటాను. షెడ్డు వాళ్ళంతా ఒంగి రింగులేరారు. ఇప్పటికీ ఎవరికైనా ఒకటి దొరికితే తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్తున్నారు.

నీకెందుకు చెప్పలేదంటావు. అదే వారంలో నువ్వు ఫోన్ చేసి, మేస్త్రి ఊఁ అన్నాడని, క్యారియర్లన్నీ నీకే ఇస్తున్నాడని ఎంత గొంతుతో చెప్పావో నీకు గుర్తుందా? గడ్డానికి పట్టీ వేసుకుని విన్నాను ఆ మాట. నీ క్యారియర్ నన్ను పడేసిందని ఎలా చెప్పను? నీకు ఆ పని మీద చెయ్యి వణికితే? మళ్ళీ కిటికీ చువ్వల దగ్గరకి పోతానంటే? నీకా గుణం ఉంది, కాదనకు. ఒక్క చక్రం వంకరొస్తే మొత్తం సైకిలే వద్దంటావు, మళ్ళీ మర్నాడు నువ్వే విప్పుతావు. ఆ మర్నాడు రాకపోతేనో అని.

అందుకే సీజను అన్నాను, మోకాలన్నాను. మీ బావని కూడా వాడుకున్నాను, పాపం.

నిజం ఏంటంటే భయంగా ఉంది. ఖాళీ సైకిల్ ఎక్కినా చేతులు బిగుసుకుపోతున్నాయి. ఇక దీన్ని సాగదీయకు.

అక్క

---

వెల్డింగ్ షాపు, పని బెంచీ
గురువారం

నీకు బుద్ధుందా? అని అడగడం నా తప్పు, జవాబు తెలుసు కాబట్టి.

నా మనసు నొచ్చుకుంటుందని దాచావు. నీకు తెలుసా, నీ క్యారియర్ చూసి మరో ముగ్గురు చేయించుకుంటున్నారు. ఒకావిడ వెనక తన కూతుర్ని కూర్చోబెట్టుకుని వంతెన దిగుతుంది. నా పనిలో మనిషిని పడేసే దోషం ఉంటే, నువ్వు కుట్లేయించుకుని నోరు మూసుకుంటే, ఆ పిల్ల గడ్డానికి ఎవరు కుట్లేస్తారు? నా చెయ్యి వణుకుతుందని నీకు బెంగ. వణకనీ. వణికే చెయ్యి ఆగుతుంది, ఆగి చూసుకుంటుంది. తప్పుందని తెలియని చెయ్యే గుడ్డిగా అతికించుకుంటూ పోతుంది. నువ్వు నన్ను కాపాడలేదు అక్కా. నా కళ్ళకి గంతలు కట్టి, పక్కన కూర్చుని విసనకర్ర విసిరావు.

కుట్లు మానాయా? రాయి. అది కూడా రాయలేదు నువ్వు.

ఉత్తరం చదివి నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్ళి చెప్పాను. మా అక్క పడింది, నా క్యారియర్ మీదే పడింది, మిగతా మూడూ బయటికి పంపొద్దు, కారణం దొరికేదాకా అన్నాను. కళ్ళద్దాలు పైకి తోశాడు. "అతుకు విరిగిందా?" అన్నాడు. లేదు, ఊగింది అన్నా. "అయితే అతుకు కాదు, కొలత" అని మళ్ళీ కళ్ళద్దాలు దింపుకున్నాడు.

కొలతే అయితే నా కొలత తప్పదు. నువ్వు పంపిన పాదం కాగితం బెంచీ పైన గోడకే ఉంది. తీశాను. పెడల్ దగ్గర్నుంచి మడమ ఎక్కడిదాకా వస్తుందో, అక్కడ వేలెడు సందు వదిలి సంచి మొదలవ్వాలి. మళ్ళీ గీశాను. అదే వచ్చింది. నీ గీత ప్రకారం చూస్తే సంచి చక్రం ఇరుసు మీద కూర్చోదు, ఇరుసు దాటి వెనక్కి వేలాడుతుంది. బరువంతా వెనక వేలాడితే ముందు చక్రం తేలిపోతుంది. తేలిన చక్రం తల ఊపక ఏం చేస్తుంది. అది నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. గీత ఎక్కడుందో అక్కడ అతికించడమే నాకు తెలిసిన పని, అతికించాను. అంతవరకు తప్పు నాది, దాన్ని నేను మింగుతాను.

కానీ ఆ తర్వాత ఆ కాగితం మీద నా చెయ్యి పెట్టి చూశాను. మోచేతి మడత దగ్గర మడమ పెడితే గీత ముందు కొస నా అరచేతిలోకి వచ్చింది. అక్కా, నేను నీ పాత చెప్పులు వేసుకుని పెరిగాను. అవి నాకు ఎప్పుడూ బిగుతే. నువ్వు నాకంటే పెద్దదానివే, పాదం మాత్రం నీది చిన్నది. పెళ్ళిలో నీ కాళ్ళు చూసి బావ తరఫు వాళ్ళు బొమ్మ కాళ్ళన్నారు.

మరి ఈ కాగితం మీద ఉన్నది ఎవరి పాదం?

శనివారం లోగా రాయి. ఆ ముగ్గురి క్యారియర్లూ బెంచీ కింద నీ జవాబు కోసం కూర్చున్నాయి. నేనూ కూర్చున్నాను.

---

టార్పాలిన్ షెడ్డు, కటింగ్ బల్ల కింద, ఎవరూ చూడకుండా
శుక్రవారం

రవ్వా,

కుట్లు మానాయి. గీత మిగిలింది. మీ బావ బాగుందంటున్నాడు, ఇంకేమనగలడు.

నువ్వు అన్నవన్నీ పడ్డాను. ఆ వంతెన దిగే పిల్ల సంగతి చదివాక పొద్దున్నంతా ఏ గుడ్డా సరిగ్గా కోయలేకపోయాను. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. నీ కళ్ళు కట్టానని అనుకోలేదు. ఇంకెప్పుడూ ఆ పని చేయను. ఇది ఇక్కడితో వదిలెయ్యి, ఎందుకంటే తర్వాత రాయబోయేది చదివితే నువ్వు మళ్ళీ మొదట్నుంచి తిట్టాల్సి ఉంటుంది.

ఆ పాదం మీ బావది. పాదం కూడా కాదు. మీ బావ బూటు.

ఆగు, కాగితం నలపకు. ప్రయాణంలో వేసుకునే బూటు తొడుక్కుని గియ్యమని రాశావా లేదా? నాకు బూట్లెక్కడివి? జీవితమంతా చెప్పులే. కొనుక్కుందాంలే అనుకున్నాను, నువ్వేమో రేపటికల్లా గీత కావాలన్నావు. మీ బావ బూట్లు గుమ్మంలో ఉన్నాయి. తొడుక్కుని, లోపల కాలు గిలకలా ఆడుతుంటే రెండు జతల మేజోళ్ళు వేసుకుని, కాగితం మీద నిలబడి మీ బావ చేత గీయించాను. ఆయన అప్పుడే అన్నాడు, "ఇది నా బూటు కదే" అని. నోర్ముయ్ అన్నాను. ఈ ఇంట్లో ఒక్కసారి ఆయన మాట వినుంటే నా గడ్డం నున్నగా ఉండేది.

పెద్దదని నాకూ తెలుసు రవ్వా. కానీ మా పనిలో అది తప్పు కాదు, అదే పద్ధతి. ఎంత కావాలో అంత కోస్తే కుట్టేటప్పటికి చిన్నదవుతుంది. అందుకని ఎప్పుడూ చేతికొచ్చినంత అంచు వదిలే కోస్తాం. ఎక్కువైతే మడిచి కుట్టేస్తాం, తక్కువైతే చుట్ట చుట్టంతా వృథా. ఇన్నేళ్ళలో ఎవరు ఏ కొలతిచ్చినా నేను దానికి అంచు కలిపే కోశాను. నువ్వు కూడా నా గీతలోంచి అంచు తీసేసి అతికిస్తావనుకున్నాను. ఇనప పనిలో అంచు ఉండదని నాకెవరు చెప్పారు?

ఇప్పుడే బల్ల కింద కూర్చుని నా సొంత పాదం గీశాను. పక్క మిషన్ ఆవిడ వంగి చూసి "ఏం చేస్తున్నావు?" అంది. నా కాలు వెతుక్కుంటున్నా అన్నాను. నవ్వి నవ్వి దారం తెంచుకుంది.

కాబట్టి నీ క్యారియర్లో దోషం లేదు. ఆ ముగ్గురివీ పంపించెయ్యి. మేస్త్రికి చెప్పు, అక్క మొద్దు అని.

ఒక్క సంగతి మాత్రం ఉంది. కారణం తెలిశాక భయం పోతుందనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు ఖాళీ సైకిల్ మీద వీధి చివరిదాకా వెళ్ళాను. చదునులో బాగానే ఉన్నాను. చిన్న వాలు రాగానే చేతులు వాటంతటవే బ్రేకు పిసికేశాయి. దిగి నడిపించుకుంటూ వచ్చాను. కనుమ దిగేది వీధి చివరి వాలు కాదు కదా. నీకు బరువవుతానేమో. చూద్దాంలే.

అక్క

---

వెల్డింగ్ షాపు, వెనక వరండా
సోమవారం

అక్కా,

మేస్త్రికి చదివి వినిపించాను, బూటు దాకా. ఆయన నవ్వడం నేనిదే చూడటం. నోట్లో టీ ఉంది, బయటికి పోయింది. తర్వాత మళ్ళీ మొహం బిగించుకుని, "ఇక మీద మనిషి రాకుండా కొలత తీసుకోకు" అన్నాడు. ఆ ముగ్గురి క్యారియర్లూ వాళ్ళని సైకిల్ మీద కూర్చోబెట్టి, ఇక్కడే, నా కళ్ళ ముందు తొక్కించి కొలిచినవే. అయినా మళ్ళీ కొలిచాను. బరువు కట్టి వంతెన వాలు మీద నేనే దిగి చూశాను. గీత గీసినట్టు పోయాయి. ఇచ్చేశాను. ఆ చిన్నపిల్ల వెనక కూర్చుని, తన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో నాకే చూపించింది.

నీ మీద కోపం పోయిందా అంటే, పోలేదు, చల్లారింది. చేత్తో పట్టుకోవచ్చు.

నీకు బరువవుతానేమో అని రాశావు. సైకిళ్ళ మీద బరువు ఎక్కడ పెట్టాలా అని ఇన్ని నెలలుగా చూస్తున్న దాన్ని నేను. ఆ మాట నాతో అనకు.

నిన్న ఇంకో పని చేశాను. నా క్యారియర్ వెనక కొసకి ఒక ఇనప పట్టీ బిగించి, సంచులు నీవి ఎక్కడ వేలాడాయో సరిగ్గా అక్కడ వేలాడదీసి, తుక్కు నింపి, నీళ్ళ ట్యాంకు మిట్ట మీంచి వదిలాను. నువ్వు రాసింది నిజం. తల ఊపింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊపింది. కాళ్ళు రెండూ నేలకి రాసి, చెప్పు తెగి, ఎలాగో ఆపాను. ఆపాక రోడ్డు పక్కన కూర్చున్నాను. లేవడానికి చాలాసేపు పట్టింది. నీ భయం చాదస్తం అనుకున్నాను ఇప్పటిదాకా. కాదు. నన్ను కూడా పట్టుకుంది అది, కాబట్టి నీకు చెప్పే హక్కు నాకిప్పుడు వచ్చింది.

తర్వాత పట్టీ విప్పేసి, సంచులు ఇరుసు మీదకి తెచ్చి, సగం బరువు తీసి ముందు ఫోర్కుకి కింద, చక్రానికి అటూ ఇటూ కట్టాను. అదే మిట్ట, అదే ఇనుము. ఎక్కడానికి కాళ్ళు మొరాయించాయి, తిట్టి ఎక్కించాను. వదిలాను. అక్కా, ముందు బరువు పడితే హ్యాండిల్ చంటిపిల్ల తలలా ఊగడం మానేసి బుద్ధిగా దారి చూసుకుంటుంది. కాస్త మొద్దుగా తిరుగుతుంది, అంతే. సగం దిగాక వేళ్ళు వదులయ్యాయి. నేను వదల్లేదు, అవే వదులయ్యాయి. నీకు కావలసింది ఆ వదులు. అది నేను ఉత్తరంలో మడిచి పంపలేను. కారణం చదివితే రాదు, దిగితేనే వస్తుంది.

అందుకని నువ్వు రావాలి. శనివారం మధ్యాహ్నం మేస్త్రి షాపు నాకొదిలేసి వెళ్తానన్నాడు. సైకిల్‌ని లారీలో వేసి, నువ్వు దాని పక్కనే కూర్చుని రా. నీ సొంత బూట్లు కొనుక్కుని, తొడుక్కుని రా. నువ్వు సీటు మీద కూర్చుని పెడల్ తిప్పుతుంటే, నీ మడమ ఆగిన చోట నేను సుద్దతో గీస్తాను. నీ క్యారియర్ కోసి, ముందుకు జరిపి, నీ ముందే అతికిస్తాను. ముందు ఫోర్కుకి రెండు చిన్న క్యారియర్లు చేసి పెట్టాను, అవి బిగిస్తాను. వాటికి రెండు చిన్న సంచులు నువ్వు కుట్టాలి, అంచు ఎంత కావాలంటే అంత వదులుకో, గుడ్డలో నీ మాటే చెల్లుతుంది. బావని కూడా తీసుకురా, అబద్ధమాడటం రాని మనిషి ఒకడుండాలి ఇక్కడ.

ఆదివారం పొద్దున్నే మిట్ట మీదకి తోసుకుంటూ వెళ్దాం. దిగేటప్పుడు ముందు నేనుంటాను, నీ కళ్ళ ముందే ఉంటాను, నువ్వెంత నెమ్మదంటే అంత నెమ్మదిగా దిగుతాను. మధ్యలో బ్రేకు పిసికావా, ఆగుదాం, కూర్చుందాం, మళ్ళీ దిగుదాం. రోజంతా పట్టినా నాకేం తొందర లేదు. అంతా అయ్యాక కూడా నువ్వు నా మొహం చూసి "నాకొద్దే" అంటే, సరే అంటాను. తిట్టను. కనుమ దాకా నేనొక్కదాన్నే వెళ్ళి, అక్కడ్నుంచి నీకు రాస్తాను, అదీ మంచి ఉత్తరమే రాస్తాను. కానీ ఆ "వద్దు" మిట్ట కింద నిలబడి చెప్పాలి. పెరటి మెట్టు మీంచి, గోడకానిన సైకిల్ మీద తువ్వాలు ఆరేసుకుంటూ చెబితే ఒప్పుకోను.

గురువారం సాయంత్రం బండికి నీ జవాబు రావాలి, శుక్రవారం లారీలో నీకు చోటు మాట్లాడాలి కాబట్టి. వస్తున్నా అని రాయి, లేదా రాను అని రాయి. చూద్దాంలే అని రాస్తే దాన్ని జవాబు కింద తీసుకోను, నేనే లారీ ఎక్కి వచ్చేస్తాను.